టైమ్ ట్రయల్‌లో సెకన్లు ఎక్కడ పోతున్నాయి: సైకిల్ దగ్గరా, ఒంటి దగ్గరా? మీరే కొలిచి తెలుసుకోవడం ఎలా

సైకిల్ పోటీల కబురు వచ్చిందంటే చాలు, విజయనగరం, శ్రీకాకుళం కుర్రాళ్ల నుంచి అవే రెండు ప్రశ్నలు. ఒకటి: "మేస్టారూ, కార్బన్ సైకిల్ కొంటే ఎన్ని నిమిషాలు తగ్గుతాది?" రెండోది, కాస్త గొంతు తగ్గించి: "నేను పొట్టిగా ఉన్నాను కదా, టైమ్ ట్రయల్‌కి పనికొస్తానా?" ఈ మధ్య కొందరు తండ్రులు కూడా అప్పు చేసి సైకిల్ కొనే ముందు అడుగుతున్నారు. అందుకే అంతా ఒకచోట రాస్తున్నాను.

నా జవాబు ముందే చెప్పేస్తాను. మీ దగ్గరున్న సైకిల్ మీదే, మీకున్న ఒంటితోనే, ఒక్క రూపాయి ఖర్చు కాకముందే తగ్గించుకోగల టైమ్ చాలా ఉంటుంది. అది ఎక్కడుందో కొలవండి. కొనడం ఆ తర్వాత.

మొదట ఈ నాలుగు ముక్కలు తెలిస్తే చాలు

టైమ్ ట్రయల్‌లో ఒక్కొక్కరినీ విడిగా వదులుతారు, మామూలుగా నిమిషానికి ఒకరిని. అందరిలో తక్కువ టైమ్‌లో దూరం పూర్తిచేసినవాడే గెలిచినట్టు. ఇంకొకరి వెనక నక్కి గాలి తప్పించుకోవడం కుదరదు. చదును రోడ్డు మీద 30 కి.మీ. వేగం దాటాక మీ శ్రమలో ఎక్కువ భాగం గాలిని చీల్చడానికే పోతుంది. వేగం రెట్టింపు కావాలంటే ఆ గాలి కోసమే ఎనిమిది రెట్లు శక్తి పెట్టాలి. ఆ గాలికి అడ్డుపడేది సైకిల్ కన్నా మనిషే: మొత్తం అడ్డులో దాదాపు ముప్పావు వంతు మీ ఛాతీ, భుజాలు, తల, కాళ్లు. మిగిలిన పావు వంతు కోసమే కంపెనీలు లక్షలు అడుగుతున్నాయి.

మనిషీ సైకిలూ కలిపి గాలికి ఎంత అడ్డుపడుతున్నాయో చెప్పే అంకెను సీడీఏ అంటారు. నిటారుగా కూర్చుంటే 0.38 చుట్టూ, డ్రాప్స్ (రోడ్ బైక్ హ్యాండిల్ కింది వంపులు) పట్టుకుని వంగితే 0.30 చుట్టూ, ఏరో బార్ల (ముంజేతులు ఆనించడానికి హ్యాండిల్ మీద ముందుకి బిగించే కడ్డీలు) మీద బాగా కుదిరితే 0.25 దాకా వస్తుంది. ఇవి ఉజ్జాయింపు అంకెలే, మనిషిని బట్టి మారతాయి. థియరీ ఇంతటితో చాలు.

కావాల్సినవి

- మీ సైకిల్. రోడ్ బైక్ అయితే మంచిది, హైబ్రిడ్ (తిన్నటి హ్యాండిల్ ఉన్నది) అయినా ఫర్వాలేదు.
- కొలతల టేపు, గట్టి అట్ట పుస్తకం ఒకటి, తాపీ మేస్త్రి దగ్గర దొరికే రసమట్టం.
- అలెన్ కీల సెట్, గేజి ఉన్న గాలి పంపు.
- ఫోన్, వీడియో తీసి పెట్టే స్నేహితుడు.
- సైకిల్ కంప్యూటర్ లేదా టైమ్, దూరం చూపించే ఏదైనా వాచీ. హార్ట్ రేట్ బెల్టు ఉంటే సగం సందేహాలు తీరతాయి. పవర్ మీటర్ (మీరు తొక్కే శక్తిని వాట్లలో చూపించేది) ఉంటే ఇంకా మేలు, లేకపోతే బెంగ వద్దు.
- నోటు పుస్తకం. ఫోన్‌లో రాసుకుంటే తర్వాత వెతుక్కోవడమే సరిపోతుంది.

1. ఒక రోడ్డు, ఒక గంట ఖాయం చేసుకోండి

5 కి.మీ. వెళ్లి, తిరిగి 5 కి.మీ. వచ్చే రోడ్డు చాలు. మలుపులు, స్పీడ్ బ్రేకర్లు తక్కువ ఉండాలి. విజయనగరం వాళ్లు రామతీర్థం వైపు, శ్రీకాకుళం వాళ్లు కళింగపట్నం వైపు ఊరు దాటాక అలాంటి ముక్క వెతుక్కోవచ్చు. జాతీయ రహదారి 16 నున్నగా ఉంటుంది, నిజమే. కానీ అక్కడ వద్దు. లారీ పక్క నుంచి వెళ్తే ఆ గాలి మిమ్మల్ని లాగుతుంది, అప్పుడు మీ కొలతా తప్పే, మీ ప్రాణానికీ పూచీ లేదు.

తెల్లవారాక వెలుతురు వచ్చిన వెంటనే మొదలుపెట్టండి. మన తీరంలో పొద్దెక్కే కొద్దీ సముద్రం మీంచి గాలి లేస్తుంది. వెళ్లేటప్పుడు ఎదురుగాలి తిన్న టైమ్ వచ్చేటప్పుడు మొత్తంగా తిరిగి రాదు, ఎందుకంటే ఎదురుగాలిలో ఎక్కువసేపు ఉంటారు. కొబ్బరాకులు ఊగుతున్నాయంటే ఆ రోజు కొలత మానేసి మామూలుగా తొక్కుకుని ఇంటికి రండి.

కోతల కాలంలో ఇంకో సంగతి. వడ్లు, చోళ్లు రోడ్డు మీదే ఆరబోస్తారు, ఉలవ కట్టెలు బళ్లు తొక్కుతాయని పరుస్తారు. సన్న టైరు దాని మీదకి ఎక్కితే జారుతుంది. ముందు రోజు సాయంత్రం ఒకసారి బండి మీద వెళ్లి చూసి రండి.

2. ఉన్నది ఉన్నట్టుగా మొదటి టైమ్ తీయండి

ఏమీ మార్చకండి. ఇప్పుడు ఎలా తొక్కుతున్నారో అలాగే. 15 నిమిషాలు ఒళ్లు వేడెక్కించి, తర్వాత 10 కి.మీ. గట్టిగా తొక్కండి. చచ్చేంత గట్టిగా వద్దు, రెండు రోజుల తర్వాత మళ్లీ అంతే తొక్కగలగాలి. హార్ట్ రేట్ బెల్టు ఉంటే సగటు ఎంతో రాసుకోండి.

పుస్తకంలో రాయాల్సినవి: తేదీ, గంట, గాలి ఎలా ఉంది, టైర్లలో గాలి ఎంత, వేసుకున్న బట్టలు, వెళ్లిన టైమ్, వచ్చిన టైమ్, సగటు హార్ట్ రేట్. వెళ్లిన టైమ్‌కీ వచ్చిన టైమ్‌కీ మధ్య నిమిషం పైన తేడా ఉంటే గాలో, వాలో మీ కొలతలో దూరినట్టే. అదే రోడ్డు అదే గంటలో ఇంకో రోజు మళ్లీ తొక్కండి. రెండు రోజుల టైమ్‌లూ దగ్గరగా వచ్చేదాకా ముందుకి వెళ్లకండి.

ఎక్కువ మంది ఇక్కడే చెడగొట్టుకుంటారు. మొదటి రోజు నింపాదిగా తొక్కి, కొత్త సామాను బిగించిన రోజు కసిగా తొక్కి, "చూశారా, కొత్త చక్రాలకి ఎంత తగ్గిందో!" అంటారు. తగ్గించింది చక్రాలు కాదు, ఉత్సాహం. హార్ట్ రేట్ రాసుకోమనేది అందుకే.

3. సీటు ఎత్తు సరిచేయండి

చెప్పుల్లేకుండా గోడకి ఆనుకుని నిలబడండి. పుస్తకాన్ని కాళ్ల మధ్య పెట్టి, సీటు మీద కూర్చున్నంత గట్టిగా పైకి నొక్కండి. నేల నుంచి పుస్తకం పై అంచు దాకా కొలవండి. ఆ కొలతని 0.883తో గుణిస్తే క్రాంక్ (పెడల్ బిగించి ఉండే కడ్డీ) తిరిగే ఇరుసు మధ్య నుంచి సీటు పైభాగం దాకా ఉండాల్సిన ఎత్తు వస్తుంది. కాలు 80 సెం.మీ. అయితే సీటు 70.6 సెం.మీ. దగ్గర.

ఇది మొదలుపెట్టడానికే గానీ శిలాశాసనం కాదు. సరిచూసుకునే పద్ధతి: సీటు మీద కూర్చుని మడమని పెడల్ మీద పెట్టండి. పెడల్ కింద ఉన్నప్పుడు కాలు పూర్తిగా చాచుకోవాలి, నడుము ఒరగకూడదు. తర్వాత మామూలుగా పాదం ముందు భాగంతో తొక్కితే మోకాలు కొంచెం వంగి ఉంటుంది. మోకాలి ముందు నొప్పి వస్తుంటే సీటు తక్కువగా ఉందేమో, మోకాలి వెనక లాగుతుంటే ఎక్కువైందేమో చూడండి. మార్చేటప్పుడు 3-4 మి.మీ. చొప్పునే.

సీటు రసమట్టంగా ఉండాలి. ఏరో బార్లు వాడేవాళ్లు సీటు ముందు కొస కొద్దిగా కిందికి దించుకోవచ్చు.

అన్నయ్య సైకిలో, సెకండ్‌హ్యాండ్ సైకిలో తొక్కే పిల్లలకి ఒక హెచ్చరిక. ఫ్రేమ్ పెద్దదైతే సీటు దించి సరిపెట్టేయొచ్చు అనుకుంటారు. సీటు దిగుతుంది గానీ హ్యాండిల్ దూరం తగ్గదు. చేతులు బిగుసుకుపోతాయి, మెడ పట్టేస్తుంది, చివరికి నిటారుగా లేచి కూర్చుంటారు. పొట్టి స్టెమ్ (హ్యాండిల్‌ని సైకిల్‌కి కలిపే ముక్క) వేస్తే కొంత నయం. ఫ్రేమ్ మరీ పెద్దదైతే మంచి కంపెనీదైనా సరే వద్దనండి.

4. వంగడం నేర్చుకోండి

అన్నిటికన్నా ఎక్కువ టైమ్ ఇక్కడే ఉంది. లెక్క చూడండి. మనిషీ సైకిలూ కలిపి 75 కిలోలు, శక్తి 200 వాట్లు, చదును రోడ్డు, గాలి లేదు. 20 కి.మీ. దూరానికి సుమారుగా ఇలా వస్తుంది:

- నిటారుగా (0.38): 37 నిమిషాల 30 సెకన్లు
- డ్రాప్స్ మీద వంగి (0.30): 34 నిమిషాల 50 సెకన్లు
- ఏరో బార్ల మీద (0.25): 33 నిమిషాలు

కాళ్లు అవే, సైకిల్ అదే, నాలుగున్నర నిమిషాల తేడా. ఇదే లెక్కలో సైకిల్ బరువు ఒక కిలో తగ్గిస్తే చదును రోడ్డు మీద మిగిలేది రెండు సెకన్లు.

ఎలా నేర్చుకోవాలి? ఇంట్లో సైకిల్‌ని గోడకి ఆనించి ఎక్కి, పక్క నుంచీ ముందు నుంచీ వీడియో తీయించుకోండి. పక్క వీడియోలో వీపు చూడండి: నడుము దగ్గర నుంచి వంగాలి, భుజాల దగ్గర గూనిలా కాదు. మోచేతులు మడిచి, ముంజేతులు నేలకి సమాంతరంగా ఉండాలి. ముందు వీడియోలో మోచేతులు, మోకాళ్లు మీ ఒంటి వెడల్పు దాటి బయటికి కనిపిస్తే అదంతా గాలికి అడ్డే. భుజాలు చెవుల వైపు ముడుచుకోండి, తల వాటి మధ్యకి దించండి, కళ్లు మాత్రం రోడ్డు మీద ఉండాలి. తల పూర్తిగా దించి ముందు చక్రాన్ని చూస్తూ తొక్కడం వద్దు. మన రోడ్ల మీద గేదె ఎప్పుడు అడ్డొస్తుందో చెప్పలేం.

మొదటి వారం మూడేసి నిమిషాలు వంగి తొక్కండి, తర్వాత ఐదు, పది. వంగగానే శక్తి పడిపోతుంటే, అంటే ఊపిరి అందక కాళ్లు బరువెక్కుతుంటే, హ్యాండిల్ ఒక స్పేసర్ (స్టెమ్ కింద వేసే రింగు) పైకి పెట్టండి. ఎంత కిందికి వంగారన్నది కాదు, పోటీ అయ్యేదాకా ఎంతవరకు వంగి ఉండగలరన్నదే లెక్క. 5 నిమిషాలు అందంగా వంగి, మిగిలిన అరగంట లేచి కూర్చునేవాడి కన్నా మధ్యస్తంగా వంగి కదలకుండా తొక్కేవాడిదే టైమ్.

పొట్ట ఉన్నవాళ్లకి మోకాలు పొట్టకి తగులుతుంది, మోకాళ్లు పక్కకి తిరుగుతాయి. హ్యాండిల్ పైకెత్తడం ఒక దారి. క్రాంక్ పొడవు తగ్గించడం ఇంకో దారి: చాలా సైకిళ్లకి 170 మి.మీ. వస్తుంది, 165 వేస్తే పైకొచ్చిన మోకాలు ఆ మేరకు కిందే ఉంటుంది. కాళ్లు పొట్టిగా ఉన్నవాళ్లకి కూడా ఇది మేలు చేస్తుంది. క్రాంక్ పొట్టిదైతే సీటు అంతే పైకి లేపాలి, మరిచిపోకండి.

మోచేతుల మీద ప్లాంక్‌లో (మోచేతులు, కాలివేళ్ల మీద ఒళ్లంతా తిన్నగా నిలిపే కసరత్తు) ఒక నిమిషం ఉండలేనివాళ్లు ఏరో బార్లు కొనకండి. ముందు ప్లాంక్ చేయండి.

బార్లు బిగించేవాళ్లకి: హ్యాండిల్ మధ్యలో గుండ్రటి భాగం లావు ఎంతో కొలిచి, దానికి సరిపోయే క్లాంపే కొనండి. కార్బన్ హ్యాండిల్ అయితే క్లాంప్ బిగించవచ్చని కంపెనీ చెప్పిందో లేదో చూసుకోండి, లేకపోతే పగులుతుంది. ఏరో బార్ల మీద చేతులున్నప్పుడు బ్రేకు అందదు. అందుకని సెంటర్లు, స్కూళ్లు, సంత దగ్గర వాటి మీద ఉండకూడదు. గుంపులో తొక్కేటప్పుడు అసలే వద్దు. బార్లు లేకుండా ఉత్త హ్యాండిల్ మీద ముంజేతులు ఆనించి తొక్కడం టీవీలో చూసి నేర్చుకుంటున్నారు. అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య యూసీఐ దాన్ని 2021 ఏప్రిల్ నుంచి నిషేధించింది. ఒక్క గుంత తగిలితే చెయ్యి జారి ముఖం రోడ్డుకి కొట్టుకుంటుంది.

5. మీ ఒళ్లు ఏ రకమో తెలుసుకోండి

నెల్లిమర్ల మండలం కొండవెలగాడలో వెయిట్‌లిఫ్టింగ్ చేసే పిల్లల్ని అడగండి, బరువు తరగతులు ఎలా ఉంటాయో చెబుతారు. తేలిక పిల్లాడు తేలిక పిల్లాడితోనే పోటీ. టైమ్ ట్రయల్‌లో ఆ సౌకర్యం లేదు. 55 కిలోల కుర్రాడూ 80 కిలోల కుర్రాడూ ఒకే గీత మీద నిలబడాలి. చదును రోడ్డు మీద పెద్ద ఒంటికి మొగ్గు ఉన్న మాట నిజమే. ఒళ్లు పెరిగినంతగా గాలికి అడ్డు పెరగదు, శక్తి మాత్రం బాగా పెరుగుతుంది.

అంకెల్లో చూద్దాం. ఇద్దరికీ కిలోకి 3 వాట్ల శక్తి అనుకోండి. చిన్నవాడికి 165 వాట్లు, పెద్దవాడికి 240. ఇద్దరూ డ్రాప్స్ మీద వంగారు, చిన్నవాడి సీడీఏ 0.30, పెద్దవాడిది 0.35. 20 కి.మీ.కి చిన్నవాడు సుమారు 37 నిమిషాల 10 సెకన్లు, పెద్దవాడు 34 నిమిషాల 35 సెకన్లు. రెండున్నర నిమిషాలు వెనక. ఇక్కడే చాలామంది పిల్లలు దిగులు పడి మానేస్తారు.

ఇప్పుడు ఆ చిన్నవాడే ఏరో బార్ల మీద 0.25కి వచ్చాడనుకోండి. అదే 165 వాట్లతో 35 నిమిషాల 7 సెకన్లు. శక్తి ఒక్క వాటు పెరగలేదు, తేడా అర నిమిషానికి దిగింది. పెద్దవాడి వాట్లతో పోల్చుకుని టెన్షన్ పడటం అనవసరం, అతని టైమ్ అందుకోవడానికి మీకు అన్ని వాట్లు అక్కర్లేదు. పెద్దవాడూ ఏరో బార్లు బిగిస్తే మళ్లీ ముందుకి పోతాడు, అది వేరే సంగతి. కానీ పొడుగువాళ్లకి చిన్న ఆకారంలో ఇమడటం కష్టం, చాలామంది ఆ పని శ్రద్ధగా చేయరు.

ప్రపంచ స్థాయిలో కూడా ఇదే చూడొచ్చు. ఇటలీ రైడర్ ఫిలిప్పో గన్నా ఎత్తు 193 సెం.మీ. చుట్టూ, బెల్జియం రైడర్ రెమ్‌కో ఎవెనెపూల్ 171 చుట్టూ. 2022లో గంటకి 56.792 కి.మీ. తొక్కి అవర్ రికార్డు పెట్టింది గన్నా. 2024 పారిస్ ఒలింపిక్స్ టైమ్ ట్రయల్‌లో స్వర్ణం ఎవెనెపూల్‌ది, గన్నాకి రజతం. ఆ పొట్టి మనిషి సైకిల్ మీద ఎంత చిన్నగా ముడుచుకుంటాడో ఒక్కసారి వీడియోలో చూడండి, ఈ నాలుగో, ఐదో అంశాలు నేను రాయకపోయినా అర్థమవుతాయి.

మీ ఒంటిని బట్టి ఏం చేయాలంటే:

పొట్టిగా, తేలికగా ఉంటే: సరిపోయే చిన్న ఫ్రేమ్, ఇరుకు హ్యాండిల్, పొట్టి క్రాంక్. లోతు రిమ్ చక్రాలు (రిమ్ పట్టీ వెడల్పుగా ఉండేవి) వద్దు, పక్కగాలికి తేలికవాళ్లని తోసేస్తాయి.

పొడుగ్గా, బరువుగా ఉంటే: మోచేతులు దగ్గరికి, తల కిందికి. టైర్లు 28 మి.మీ. పెట్టుకోండి. ఎస్.కోట నుంచి అనంతగిరి ఘాట్ ఎక్కే పోటీ అయితే మాత్రం లెక్క మొత్తం మారుతుంది. అక్కడ కిలో బరువు తగ్గితే గంటసేపు ఎక్కే దారిలో సుమారు 40 సెకన్లు మిగులుతుంది.

బరువు గురించి కచ్చితంగా ఒక మాట. చదును టైమ్ ట్రయల్ కోసం అన్నం మానేసి బక్కచిక్కడం పిచ్చి పని. బరువు కన్నా ముందు శక్తి పోతుంది. ఎదిగే వయసు పిల్లల చేత అసలు చేయించకండి. పోటీకి రెండు గంటల ముందు అలవాటైన తిండి తినండి. చోడి అంబలి అలవాటుంటే అదే.

6. బట్టలు, హెల్మెట్

వదులు టీషర్టు వేసుకుని 35 వేగంతో వెళ్లడమంటే వీపున తెరచాప కట్టుకుని ఎదురీదడమే. ఒంటికి అతుక్కునే జెర్సీ చాలు, బ్రాండ్ అక్కర్లేదు. సరిచూడాలంటే స్నేహితుడి చేత బండి మీద పక్క నుంచి వీడియో తీయించండి. భుజం దగ్గరా, నడుము దగ్గరా గుడ్డ రెపరెపలాడుతుంటే ఇంకా వదులే. నంబరు కాగితం కూడా నాలుగు మూలలా పిన్నులు పెట్టి పరవండి.

తోక ఉన్న ఏరో హెల్మెట్ మెడ కదపకుండా తొక్కేవాళ్లకే. అలిసిపోయి తల దించితే ఆ తోక పైకి లేచి ఇంకా ఎక్కువ గాలి తింటుంది. మన ఉక్కపోతలో దాని వేడి కూడా లెక్కలోకి తీసుకోవాలి. తక్కువ రంధ్రాలున్న మామూలు హెల్మెట్ మధ్యే మార్గం. హెల్మెట్ లేకుండా ప్రాక్టీస్ కూడా వద్దు.

7. టైర్లు, గాలి

రెండో పెద్ద పొదుపు ఇది, పైగా చవక. గుబ్బల టైర్లతో హైబ్రిడ్ తొక్కేవాళ్లు నున్నటి టైర్లకి మారితే, పైన చెప్పిన 200 వాట్ల లెక్కలో 20 కి.మీ.కి రెండు నిమిషాల దాకా తగ్గొచ్చు. కొత్త సైకిల్ ధరలో చిన్న ముక్కకి.

గాలి ఎంత? "రాయిలా కొట్టేయండి" అని పంక్చర్ షాపులో చెప్పకండి. గరుకు తారు మీద రాయిలాంటి టైరు ప్రతి కంకరకీ ఎగురుతుంది, ఆ ఎగరడంలో మీ శక్తే పోతుంది. 28 మి.మీ. టైరు, 65 కిలోల మనిషి అయితే 70-75 పీఎస్‌ఐ (పంపు గేజి చూపించే గాలి ఒత్తిడి కొలత) దగ్గర మొదలుపెట్టండి. రోడ్డు నున్నగా ఉంటే కొంచెం పెంచండి, ముక్కలైన రోడ్డయితే తగ్గించండి. ముందు చక్రానికి వెనక దాని కన్నా 3-5 తక్కువ. టైరు పక్కన రాసి ఉన్న పెద్ద అంకె దాటకూడని హద్దు, పెట్టమని కాదు. సన్న వాల్వ్ ఉన్న ట్యూబులకి షాపు పంపు పట్టదు, చిన్న ఇత్తడి అడాప్టర్ జేబులో ఉంచుకోండి.

8. చైన్

కిరోసిన్ లేదా డీజిల్‌తో కడిగి, పూర్తిగా ఆరాక, ప్రతి లింకు మీదా ఒక చుక్క చైన్ ఆయిల్. పది నిమిషాలాగి బయటున్నదంతా గుడ్డతో తుడిచేయండి. కొబ్బరి నూనె, పాత ఇంజిన్ ఆయిల్ వద్దు, దుమ్ము పట్టి జిగురవుతుంది. బ్రేకు వైపు, రిమ్ మీద నూనె పడకూడదు. వేలితో చైన్ ముట్టుకుంటే నల్లగా అంటకపోతే పని బాగా చేసినట్టు.

9. చక్రాలు, ఫ్రేమ్

ఇంతవరకు వచ్చాకే డబ్బు మాట. లోతు రిమ్‌లు, ఏరో ఫ్రేమ్ నిజంగానే పనిచేస్తాయి, కాదనను. కానీ పైవన్నీ చేసినవాడికే ఆ తేడా కనిపిస్తుంది. తేలికపాటి సైకిల్ మీద మోజున్నవాళ్లకి: యూసీఐ పోటీల్లో సైకిల్ 6.8 కిలోల కన్నా తక్కువ ఉండకూడదు, అక్కడి మేటి రైడర్లు కూడా చదును టైమ్ ట్రయల్‌లో గాలి కోసం బరువు ఎక్కువున్న సైకిల్‌నే ఎంచుకుంటారు.

సామాను గురించి అందరూ చెప్పే కథ 1989 టూర్ డి ఫ్రాన్స్‌ది. అది ఫ్రాన్స్‌లో రోజుల తరబడి సాగి, అన్ని రోజుల టైమ్ కలిపి విజేతని తేల్చే పోటీ. చివరి రోజు వెర్సాయ్ నుంచి పారిస్‌కి 24.5 కి.మీ. టైమ్ ట్రయల్. గ్రెగ్ లెమాండ్ ఏరో బార్లు, ఏరో హెల్మెట్‌తో వచ్చాడు; అప్పటిదాకా మొత్తం టైమ్‌లో 50 సెకన్లు ముందున్న లోరాం ఫిన్యాన్ పిలక ఎగురుతుండగా ఉత్త తలతో, ఏరో బార్లు లేకుండా తొక్కాడు. మొత్తం మీద లెమాండ్ 8 సెకన్లతో గెలిచాడు. బార్లే గెలిపించాయని అంటారు గానీ, ఆ రోజు ఫిన్యాన్ సీటు రాసుకుని అయిన పుండుతో బాధపడుతున్నాడు కూడా. అయినా 8 సెకన్లంటే ఒక్క హెల్మెట్ కూడా తీర్చగల తేడా.

10. మార్చింది పనిచేసిందో లేదో తేల్చుకోండి

ఒకసారి ఒక్కటే మార్చండి. టైర్లూ జెర్సీ హ్యాండిలూ ఒకే రోజు మారిస్తే ఏది పనిచేసిందో ఎప్పటికీ తెలీదు.

పద్ధతి ఇది. పాత అమరికతో 10 కి.మీ., కొత్త అమరికతో 10 కి.మీ., మళ్లీ పాతదానితో 10 కి.మీ. ఒకే ఉదయం చేయలేకపోతే వేర్వేరు రోజుల్లో అదే గంటకి. సగటు హార్ట్ రేట్ మూడుసార్లూ దాదాపు ఒకటే ఉండాలి. రెండు పాత టైమ్‌ల మధ్యే 20 సెకన్ల తేడా ఉంటే, కొత్తదానికి వచ్చిన 15 సెకన్ల లాభాన్ని నమ్మకండి.

హార్ట్ రేట్ బెల్టు కూడా లేనివాళ్లకి ఇంకో దారి ఉంది. బళ్లు తిరగని, బాగా వాలున్న రోడ్డు చూసుకోండి. పైన ఒక గీత గీసి, అక్కడ ఆగి, పెడల్ తొక్కకుండా వదిలేయండి. కింద ఇంకో గీత దగ్గర వేగం ఎంతుందో చూడండి. నిటారుగా నాలుగుసార్లు, వంగి నాలుగుసార్లు. వేగం 30 దాటేంత వాలు లేకపోతే గాలి తేడా బయటపడదు. ఇది మీకు మీరే పోల్చుకోవడానికి. బరువైన స్నేహితుడు మీకన్నా వేగంగా దిగితే అతని వంగుడు బాగున్నట్టు కాదు, బరువు లాగింది. వాలు చివర ఇసుకా, మలుపూ లేకుండా చూసుకోండి.

ఫలితం రాకపోతే ఈ వరుసలో వెతకండి. టైర్లలో గాలి రెండు రోజులూ ఒకటేనా? బ్రేకు రిమ్‌కి రాసుకుంటోందా? చక్రం ఎత్తి తిప్పి చూడండి. వంగి ఉన్నాననుకుంటూ ఐదో కిలోమీటరు తర్వాత లేచిపోతున్నారా? స్నేహితుడి చేత ఎనిమిదో కిలోమీటరు దగ్గర వీడియో తీయించండి, మొదట్లో కాదు. మొదటి రెండు కిలోమీటర్లు ఎగిరి తొక్కి చివర్లో చతికిలపడుతున్నారా? మీ రాతల్లో వెళ్లిన టైమ్ ప్రతిసారీ తక్కువ, వచ్చిన టైమ్ ఎక్కువ ఉంటే, గాలీ వాలూ కాకపోతే అదే కారణం.

పోటీకి వారం ముందు నుంచి సీటు గానీ హ్యాండిల్ గానీ కదపకండి. ఏరో బార్లు, తోక హెల్మెట్ అనుమతిస్తారో లేదో నిర్వాహకుల్ని ముందే అడగండి. స్థానిక పోటీల్లో ఒక్కోచోట ఒక్కో రూలు ఉంటుంది. వద్దంటే విప్పడానికి అలెన్ కీ సంచిలో ఉండాలి, డ్రాప్స్ మీద తొక్కే అలవాటూ ముందే ఉండాలి. సీటు ఎత్తు దగ్గర పోస్టు మీద టేపు ముక్క చుట్టి గుర్తు పెట్టుకోండి, బస్సు పైన వేసి తీసుకెళ్తే అది కిందికి జారే అవకాశం ఉంది.